లేబుల్ ప్రింటర్ ఆగితే ఏమవుతుంది?

నెట్‌వర్క్ డిజైన్ అనగానే మావాళ్లు చాలామంది మొదట చేసేది బొమ్మ గీయడం. పైన ఒక మబ్బు, అంటే ఇంటర్నెట్ అన్నమాట. దాని కింద ఫైర్‌వాల్, అంటే బయటివాళ్లను ఆపే కాపలా పెట్టె, ఆ కింద రెండు పెద్ద స్విచ్‌లు, అంటే కేబుళ్లతో పరికరాలను కలిపే పెట్టెలు, వాటి కింద చిన్న స్విచ్‌లు, గీతలు, బాణాలు. నేనూ చాలా ఏళ్లు అలాగే గీశాను. ఆ బొమ్మలో తప్పేమీ ఉండదు. ఎవరికైనా సరిపోవడమే దాని తప్పు. గోడౌన్‌కీ అదే, ఆసుపత్రికీ అదే, ఆడిటర్ ఆఫీసుకీ అదే. కింద పేరు మార్చి పంపేస్తే సరి.

క్లయింట్ అవసరం తెలుసుకుని డిజైన్ చేయాలని ప్రతి కోర్సులోనూ చెప్తారు. కాదనేవాళ్లెవరూ లేరు. అయితే ఆ అవసరం క్లయింట్ ఇచ్చే కాగితంలో ఉంటుందని నమ్మడం దగ్గరే మనం బోల్తా పడతాం. ఆ కాగితంలో ఉండేది ఆయన కొనాలనుకుంటున్న వస్తువుల జాబితా. అవసరం వేరే చోట ఉంటుంది. చాలాసార్లు ఆయనకే తెలియని చోట.

ఇది నాకు తెలివితేటల వల్ల తెలియలేదు, దెబ్బ తింటే తెలిసింది.

కొన్నేళ్ల క్రితం ఒక గోడౌన్ పని వచ్చింది. ఓనరు గారు మొదటి రోజే చక్కగా టైప్ చేసిన కాగితం చేతిలో పెట్టారు. 60 కంప్యూటర్లు, 30 ఫోన్లు, 24 కెమెరాలు, గోడౌన్ అంతటా వైఫై, ఫాస్ట్ ఇంటర్నెట్. ఆఖర్న ‘సర్వర్ ఎట్టి పరిస్థితిలోనూ ఆగకూడదు’ అని రాసి, కింద పెన్నుతో రెండు గీతలు గీశారు. ఇంత స్పష్టంగా రాసిచ్చే క్లయింట్ దొరికాడని సంబరపడ్డాను. వారంలో కొటేషన్ ఇచ్చేశాను. ఒకటి పోతే ఇంకోటి అందుకునేలా నడిమధ్యన అన్నిటినీ కలిపే రెండు కోర్ స్విచ్‌లు, సర్వర్‌కి రెండు కేబుళ్లు, సర్వర్ గదికి పెద్ద యూపీఎస్. అన్నీ పెట్టాం. సర్వర్ నిజంగానే ఆగలేదు.

మూడో నెలలో ఒక సాయంత్రం వ్యాపారం ఆగింది.

డిస్పాచ్ టేబుల్ మీద ఒక లేబుల్ ప్రింటర్ ఉండేది. బయటికి వెళ్లే ప్రతి పెట్టె మీదా అతికించే బార్‌కోడ్ లేబుల్ అందులోంచే రావాలి. లేబుల్ లేని పెట్టెను లారీ ఎక్కించరు. ఆ ప్రింటరూ, దానికి పని చెప్పే కంప్యూటరూ టేబుల్ కింద దుమ్ములో పడున్న ఐదు పోర్టుల చిన్న స్విచ్‌కి తగిలించి ఉన్నాయి. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆ రోజు దాని అడాప్టర్ కాలిపోయింది. దాదాపు రెండు గంటలు లారీలు వరసగా నిలబడిపోయాయి. మా సర్వర్ మాత్రం ఏసీ గదిలో హాయిగా నడుస్తూనే ఉంది.

ఓనరు గారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “కాగితంలో ఉన్నవన్నీ మీరు చేశారండీ” అన్నారు. తిట్టినా అంత తగిలేది కాదు.

కాగితంలో లేబుల్ ప్రింటర్ ఎందుకు లేదు? ఆయన లెక్కలో అది ఉత్త ప్రింటర్, ఆఫీసులో ఉన్న ఇంకో నాలుగింటి లాంటిదే. అది ఆగితే ఏమవుతుందో తెలిసిన మనిషి డిస్పాచ్ సూపర్‌వైజర్. ఆయన్ని మీటింగ్‌కి ఎవరూ పిలవలేదు. పిలవమని నేనూ అనలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మన వృత్తిలో అడగాల్సింది క్లయింట్ కాదు, మనం.

అప్పటినుంచి నా మొదటి ప్రశ్న మారిపోయింది. ఎన్ని కంప్యూటర్లు అని అడగను. అది తర్వాత నేనే లెక్కపెట్టుకోగలను. మీకు బాగా రద్దీగా ఉండే రోజున, రద్దీ గంటలో, ఏది ఆగితే మీ పని ఆగిపోతుంది, ఎంతసేపటి వరకు తట్టుకోగలరు అని అడుగుతాను. ఒక్కరినే కాదు, ఒక్కో విభాగంలో ఒక్కొక్కరిని. అదే గోడౌన్‌లో మళ్లీ కూర్చుని అడిగితే అకౌంట్స్‌వాళ్లు “సగం రోజు ఆగినా ఫర్వాలేదండీ, నెలాఖరు మూడు రోజులు మాత్రం వద్దు” అన్నారు. సూపర్‌వైజర్ “పది నిమిషాలు సార్. అది దాటితే డ్రైవర్లు నా మీద పడతారు” అన్నాడు. సర్వర్ సంగతి ఇంకా విచిత్రం. ఆ రోజు ఆర్డర్లన్నీ పొద్దున్నే డిస్పాచ్ కంప్యూటర్లోకి దిగిపోతాయట, సరుకు ఏరే జాబితాలు కాగితం మీద ప్రింట్ తీసేస్తారట. సర్వర్ గంటసేపు ఆగినా గోడౌన్‌లో ఎవరికీ తెలియదు. రెండు గీతలు గీసి మరీ చెప్పింది అన్నిటికంటే తక్కువ తొందర ఉన్నదాని గురించన్నమాట!

చివరికి పరిష్కారం ఎంత చిన్నదో చెప్తే నవ్వుతారు. టేబుల్ కింది స్విచ్ తీసేసి కేబుళ్లు నేరుగా మా పెద్ద స్విచ్‌లున్న ర్యాక్‌కి లాగాం. ఆ టేబుల్‌కి యూపీఎస్ కరెంటు ఇచ్చాం. ఇంకో లేబుల్ ప్రింటర్ కొని, సెట్టింగులన్నీ చేసి పక్కనే పెట్టాం. రెండు కోర్ స్విచ్‌ల ఖర్చులో పదోవంతు కూడా కాలేదు.

‘ఎప్పుడూ ఆగకూడదు’ అన్న మాట గురించి ఇంకొంచెం చెప్పాలి. అది అవసరం కాదు, భయం. భయాన్ని అంకెల్లోకి మారిస్తేనే డిజైన్ చేయగలం. ఏడాదిలో 99.9 శాతం నడవాలంటే 8 గంటల 45 నిమిషాలు ఆగొచ్చని అర్థం. 99.99 శాతం అంటే సుమారు 52 నిమిషాలు. 99.999 అంటే 5 నిమిషాల పైచిలుకు, అంటే రాత్రి కరెంటు పోయి జనరేటర్ ఎవరైనా వచ్చి వేసేలోపే ఏడాది కోటా అయిపోతుంది. దశాంశం తర్వాత ఒక్కో తొమ్మిది చేర్చినప్పుడల్లా పరికరాలు పెరుగుతాయి, వాటిని చూసుకునే మనుషులు కూడా కావాలి. ఈ లెక్క పక్కన ఖర్చు రాసి చూపిస్తే క్లయింట్లు వాళ్లంతట వాళ్లే తొమ్మిదులు కొట్టేస్తారు. ఆ 8 గంటల 45 నిమిషాలు ఎప్పుడొస్తాయన్నది ఇంకా ముఖ్యం. ఎవరూ లేని రాత్రుళ్లు ముక్కలుముక్కలుగా వస్తే ఎవరికీ పట్టదు. అంతా కలిసి ఏడాదిలోకెల్లా పెద్ద అమ్మకాల రోజునే వస్తే కొంప మునుగుతుంది. శాతంలో రెండూ ఒకటే.

నేను బాగా చిరాకుపడే మాట ఇంకొకటుంది, ‘ఫాస్ట్ ఇంటర్నెట్’. ఒక సంస్థ బ్రాంచి ఆఫీసులో రిపోర్టు తెరవడానికి అరనిమిషం పడుతోందని లైను వేగం రెట్టింపు చేయించుకున్నారు. తేడా లేదు. మళ్లీ రెట్టింపు చేయించుకున్నారు. ఊహూఁ. అప్పుడు నన్ను పిలిచారు. చూస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క స్క్రీన్ తెరవడానికి దూరంలో ఉన్న సర్వర్‌ని దాదాపు 400 ప్రశ్నలు అడుగుతోంది. అన్నీ ఒకేసారి కాదు, ఒకదానికి జవాబొచ్చాకే ఇంకోటి. వెళ్లి రావడానికి 80 మిల్లీసెకన్లు. 400ని 80తో గుణిస్తే 32 సెకన్లు. లైను ఎంత వెడల్పు చేసినా ఆ 80 తగ్గదు, ఎందుకంటే ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది, దూరం దూరమే. ప్రోగ్రామ్‌ని సర్వర్ పక్కనే నడిపి, బ్రాంచికి స్క్రీన్ మాత్రం పంపే ఏర్పాటు చేశాక రెండు మూడు సెకన్లకు వచ్చింది. అదనపు వేగానికి కట్టిన డబ్బు వృథా.

అలాగని వేగం ఎప్పుడూ అక్కర్లేదని కాదు. రోజూ రాత్రి ఒక టెరాబైట్ బ్యాకప్ బయటికి పోవాలంటే 100 మెగాబిట్ల లైనులో 22 గంటలు పడుతుంది. రాత్రి మొదలుపెడితే మర్నాడు సాయంత్రం దాకా పోతూనే ఉంటుంది, పగలంతా ఫోన్లలో మాటలు ముక్కలవుతాయి. ఒక గిగాబిట్ లైనైతే రెండుంబావు గంటల్లో అయిపోతుంది. తమాషా ఏంటంటే ఫోన్ కాల్‌కి కావాల్సింది దాదాపేమీ లేదు, జీ.711 అనే మామూలు పద్ధతిలో నెట్‌వర్క్ మీద పోయే కాల్ ఒక్కో వైపుకి సెకనుకు 90 కిలోబిట్ల లోపే. దానికి కావాల్సింది ఎదురుచూపు లేకపోవడం. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు ప్రకారం ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిది. ఒకే తీగ మీద ఒకరికి వెడల్పు కావాలి, ఇంకొకరికి తొందర కావాలి. ‘ఫాస్ట్’ అన్న ఒక్క మాట ఈ రెండిటినీ కప్పేస్తుంది.

వైఫై విషయంలో తప్పు పూర్తిగా నాదే, ఒప్పుకుంటాను. ఆ గోడౌన్‌లోనే సైట్ సర్వే చేసిన రోజు ర్యాకులు ఖాళీగా ఉన్నాయి, సరుకు ఇంకా రాలేదు. మీటరు పట్టుకుని అంతా తిరిగాను, అన్ని మూలల్లోనూ సిగ్నల్ బ్రహ్మాండం. నెల తర్వాత చేతి స్కానర్లు మధ్య వరసల్లో పడిపోవడం మొదలైంది. ర్యాకుల నిండా ద్రవాలున్న డబ్బాలు. రేడియో తరంగాలను నీళ్లు పీల్చేస్తాయి, ఇనుప ర్యాకులు అటూ ఇటూ తిప్పికొడతాయి. సర్వే చేసే ముందు “ఇక్కడ ఏం పెడతారు?” అని ఒక్క ముక్క అడిగి ఉంటే చాలు. పైగా ఆ స్కానర్లు పాతవి, 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్ తప్ప ఇంకోటి పట్టవు. అందులో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 అని మూడే. అందుకని కంగారులో నాలుగు యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు, ఎక్కువ తగిలించినా ఒకదాని గొంతు ఇంకోటి నొక్కేస్తుంది. యాంటెన్నాలు వరసల మధ్యకి తిప్పి, పవర్ తగ్గించి, చోట్లు మార్చి బాగుచేసుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

కెమెరాలదీ అలాంటి కథే, చిన్నది. పగలు 24 కెమెరాలూ బాగుండేవి. చీకటి పడగానే నాలుగైదు ఆరిపోయేవి. ఈ కెమెరాలకు కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్లోంచే, స్విచ్ నుంచి వస్తుంది. చీకట్లో చూడటానికి వాటిలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, అప్పుడు ఎక్కువ కరెంటు లాగుతాయి. ఒక పోర్టుకి 802.3ఏఎఫ్ అనే ప్రమాణం ప్రకారం 15.4 వాట్లు, 802.3ఏటీ ప్రకారం 30 వాట్లు ఇవ్వొచ్చని పెట్టె మీద ఉంటుంది. పోర్టులన్నిటికీ కలిపి స్విచ్ మొత్తం ఎంత ఇవ్వగలదన్నది లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దొంగలు రాత్రే వస్తారు కదా, కెమెరా కూడా రాత్రే ఆగితే ఇక అదెందుకు?

ఇప్పుడు అవతలి వాదన. నా స్నేహితుడొకడు, నాకంటే అనుభవజ్ఞుడు, ఎప్పుడూ అంటాడు: “ఇంత కూర్చుని అడగడమెందుకురా? పరికరాలు చవకయ్యాయి. అన్నీ రెట్టింపు పెట్టేసెయ్. అడిగే టైముకయ్యే ఖర్చు కంటే అదే తక్కువ.” ఇందులో సగం నిజముంది. గోడలో వేసే కేబుల్ విషయంలో నేనూ అదే చేస్తాను. ఒక కుర్చీకి ఒకటి చాలన్న చోట రెండు లాగిస్తాను. రేపు కావాలంటే గోడ మళ్లీ పగలగొట్టాలి, దానికంటే ఇప్పుడు ఇంకో కేబుల్ వేసుకోవడం నయం. భవనాల మధ్య ఫైబర్ జతలూ అంతే. కానీ స్విచ్, ఫైర్‌వాల్, యాక్సెస్ పాయింట్ ఐదారేళ్లకు ఎలాగూ మారేవి. రేపటి కోసం ఈరోజే పెద్దవి కొంటే, ఆ రేపు వచ్చేసరికి అవి పాతబడి ఉంటాయి. మార్చడం కష్టమైన దాంట్లో ధారాళంగా, మార్చడం తేలికైన దాంట్లో పిసినారిగా ఉండటం నా పద్ధతి.

పైగా అన్నీ రెట్టింపు చేస్తే భద్రత కూడా రెట్టింపవుతుందనుకోవడం భ్రమ. 2001 జులైలో అమెరికాలోని బాల్టిమోర్‌లో హోవార్డ్ స్ట్రీట్ సొరంగంలో గూడ్సు రైలు పట్టాలు తప్పి తగలబడింది. ఆ సొరంగం గుండా ఒక కంపెనీది కాదు, చాలా టెలికాం కంపెనీల ఫైబర్ పోయేది. వేర్వేరు కంపెనీల దగ్గర రెండు లైన్లు తీసుకున్నవాళ్ల రెండు లైన్లూ ఒకే మంటలో కాలే అవకాశం ఉందని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది. అందుకే రెండో లైను అమ్మడానికి వచ్చినవాళ్లని నేను వేగం అడగను. కేబుల్ మా భవనంలోకి ఏ వైపు నుంచి వస్తుంది, వీధిలో ఏ గొట్టంలో పోతుంది అని అడుగుతాను. చాలామంది మొహమొహాలు చూసుకుంటారు.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు ప్రపంచమంతటా కనబడకుండా పోయింది. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్‌ని కూల్చింది, ఆ వెంటే సైటు పేరును బట్టి అడ్రసు చెప్పే వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు ఇంటర్నెట్ నుంచి మాయమయ్యాయి. దాన్ని బాగుచేయడానికి వాడే సొంత పనిముట్లు కూడా పనిచేయలేదు. ఇలాంటప్పుడు వాడుకోవడానికి ఉంచుకున్న విడి దారి కూడా మూసుకుపోయింది. ఇంజినీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లి, అక్కడి కట్టుదిట్టాలన్నీ దాటాల్సి వచ్చింది. ఆ స్థాయి మనది కాదు, కానీ ప్రశ్న మనకూ పనికొస్తుంది. నెట్‌వర్క్ పడిపోయినప్పుడు దాన్ని లేపడానికి కావాల్సిన పాస్‌వర్డ్, ఫోన్ నంబరు, గది తాళం ఎక్కడున్నాయి? ఆ నెట్‌వర్క్‌లోనే ఉన్న ఫోల్డర్‌లోనా?

‘రేపు మీ సంస్థ ఎలా మారబోతోంది’ అన్నది క్లయింట్లు అస్సలు ఊహించని ప్రశ్న. నెట్‌వర్క్ మనిషికి ఇదెందుకు అన్నట్టు చూస్తారు. 2002 నవంబర్‌లో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో జరిగింది చెప్తాను అప్పుడు. రెండు ఆసుపత్రులు కలిసి ఏర్పడ్డ సంస్థ అది. నెట్‌వర్క్ కూడా అతుకు మీద అతుకుగా పెరిగింది. స్విచ్‌ల మధ్య డేటా గుండ్రంగా తిరక్కుండా చూసే స్పానింగ్ ట్రీ అనే పద్ధతి ఒకటుంది. రేడియా పెర్ల్‌మన్ 1985లో కనిపెట్టారు. దాని మామూలు లెక్కలు ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఏడు స్విచ్‌ల వరకే పనికొస్తాయి. అతుకులేసుకుంటూ పోయి ఆ హద్దు దాటేశారు. ఒకరోజు ఒక పరిశోధకుడి ప్రోగ్రామ్ ఉన్నట్టుండి విపరీతమైన డేటా వదిలేసరికి మొత్తం కుప్పకూలింది. దాదాపు నాలుగు రోజులు పెద్దాసుపత్రి కాగితాలతో నడిచింది. అప్పటి ఐటీ పెద్ద జాన్ హలమ్కా దీన్ని దాచకుండా బయటికి చెప్పాడు, అందుకు ఆయనకి దండం పెట్టాలి. అక్కడ ఏ రోజుకారోజు చేసిన డిజైన్ సరైనదే. సంస్థ మాత్రం ఆ డిజైన్‌ని దాటి వెళ్లిపోయింది.

చిన్న స్థాయిలో ఇది ఐపీ అడ్రసుల్లో, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికీ ఇచ్చే నంబర్లలో కనిపిస్తుంది. అందరూ 192.168.1 తోనే మొదలుపెడతారు. సిబ్బంది ఇళ్లలో రౌటర్లవీ తరచుగా అవే అంకెలు. ఇంటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రావడానికి వీపీఎన్ పెట్టుకున్న రోజు ఇంట్లో ప్రింటరూ, ఆఫీసు సర్వరూ ఒకే అడ్రసు చెప్పుకుని తన్నుకుంటాయి. కాగితం మీద ఐదు నిమిషాలు ఆలోచిస్తే తప్పేది, తర్వాత మార్చాలంటే రెండు వారాంతాలు పోతాయి.

అన్నిటికంటే మొహమాటమైన ప్రశ్న చివర్లో అడుగుతాను: నేను వెళ్లిపోయాక దీన్ని ఎవరు చూసుకుంటారు? చాలా చోట్ల జవాబు, అకౌంట్స్‌లో పనిచేస్తూ కంప్యూటర్ల సంగతి కొంచెం తెలిసిన అబ్బాయి. అలాంటి చోట, డేటా ఏ దారిన పోవాలో తేల్చే రౌటింగ్ ప్రోటోకాళ్లు నాలుగింటితో అద్భుతమైన డిజైన్ పెట్టి రావడం నా దృష్టిలో మోసం. వీల్యాన్లు, అంటే అవే స్విచ్‌ల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు, నాలుగుంటే చాలు. ఆఫీసుకొకటి, ఫోన్లకొకటి, కెమెరాలకొకటి, అతిథులకొకటి. బయటి మెకానిక్‌లు తెచ్చే పరికరాలు అతిథుల్లోకే పోవాలి. 2013లో అమెరికాలో టార్గెట్ దుకాణాల్లో 4 కోట్ల బ్యాంకు కార్డుల వివరాలు పోయిన దారి ఒక శీతలీకరణ కాంట్రాక్టర్ లాగిన్‌తోనే మొదలైంది. ఇక ప్రతి కేబుల్‌కి రెండు చివర్లా పేరు, ర్యాక్ తలుపు లోపల బొమ్మ, పాడైతే తగిలించడానికి సెట్ చేసి పెట్టిన స్విచ్ ఒకటి. ఆ అబ్బాయి నాకు ఫోన్ చేయకుండా ఆ స్విచ్ మార్చగలిగితే డిజైన్ పాసయినట్టు. అందుకే పని అప్పగించే రోజు ఆ అబ్బాయి చేతే తీయించి పెట్టిస్తాను. మొదటిసారి చేతులు వణుకుతాయి పాపం, టెన్షన్‌తో.

ఈమధ్య ఆ గోడౌన్‌కి వేరే పని మీద వెళ్లాను. డిస్పాచ్ టేబుల్ దగ్గర అంతా బాగానే ఉంది. రెండో ప్రింటర్ మీద కవరు కప్పి ఉంది, యూపీఎస్ పచ్చలైటు వెలుగుతోంది. వంగి చూస్తే టేబుల్ కింద కొత్తగా ఇంకో చిన్న స్విచ్. దానికి రెండు కేబుళ్లు, ఒకటి తూకం మిషన్‌లోకి పోతోంది. తూకం మిషన్‌కి నెట్‌వర్క్ ఎప్పుడొచ్చిందని అడిగాను.

“రెండు నెలలైంది సార్. బరువు ఎక్కకపోతే ఇప్పుడు బిల్లు రాదు.”

సంచీ పక్కన పెట్టి కుర్చీ లాక్కున్నాను.